అటక మీది ఇనుప జాలీ

నేను ఒక ఇనుప జాలీని. బేకరీల్లో మైదా కలిపే మిషన్ ఉంటుంది చూశారూ, దాని గిన్నె మీద మూతలా కూర్చోవడం నా పని. నన్ను ఎత్తితే చాలు, మిషన్ టక్కున ఆగిపోతుంది. లోపల తిరిగే కొక్కేనికి మనిషి చెయ్యి చిక్కకూడదని చట్టం నన్ను తప్పనిసరి చేసింది. కోయంబత్తూరు షెడ్డులో నన్ను వెల్డింగ్ చేసినవాడు నాలుగుసార్లు ఎత్తి, దించి చూసుకుని తృప్తిగా తల ఆడించాడు. పాపం, అతనికి మండపేట సత్తిరాజుగారు తెలియదు.

సత్తిరాజుగారి బేకరీలో నా ఉద్యోగం సరిగ్గా ఒక పూట. మధ్యలో పిండి వెయ్యాలన్నా, నీళ్ళు పొయ్యాలన్నా మిషన్ ఆపాల్సి వస్తోందని ఆయనకు చిరాకెత్తింది.

"ఇదేం తద్దినంరా బాబూ! పీకి అటక మీద పడేయండి" అన్నారు.

నేను లేకపోయినా మిషన్ తిరిగేలా నా స్విచ్చిని నొక్కిపెట్టి నల్లటేపు చుట్టారు. నేను తుప్పుపట్టిన కేకు రేకుల పక్కన చేరాను.

ఏడాదికోసారి నాకు వైభోగం పట్టేది. దసరాకి ఆయుధపూజ అంటూ కిందికి దించి, కడిగి, బొట్లు పెట్టి, మిషన్ మీద కూర్చోబెట్టి హారతిచ్చేవారు. సత్తిరాజుగారు కళ్ళు మూసుకుని మరీ దణ్ణం పెట్టేవారు. బంతిపూలు వాడకముందే మళ్ళీ అటక. తనిఖీకి ఎవరో వస్తున్నారని పక్కవీధి నుంచి ఫోను వచ్చినప్పుడూ అంతే, పావుగంట కొలువు. వచ్చినాయన నన్ను చూసి, పఫ్ తిని వెళ్ళిపోయేవాడు. నాకు మొక్కుతారు గానీ నన్ను పనిచెయ్యనివ్వరు. ఈ మనుషులంటే నాకు రోత పుట్టింది అప్పుడే.

మిషన్ దగ్గర పిండి కలిపేది మంగాయమ్మ. పిండి పదును ఆమెకు చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది. మిషన్ ఆపితే సత్తిరాజుగారు కేకలేస్తారని, అది తిరుగుతుండగానే అంచులకు అంటుకున్న పిండిని లోపలికి తోసేది. ఒక పూజనాడు నన్ను తడిమి చూసి ఆయనను అడిగింది.

"దీన్ని ఇలాగే ఉంచేద్దారండీ. కొక్కెం కాడికి చెయ్యెల్తంటే గుండె గుబేలుమంటందండి."

"ఒళ్ళు దగ్గరెట్టుకుని చేత్తే ఏ జాలీ అక్కర్లేదు" అన్నారాయన.

క్రిస్మస్ వారంలో ఒక మధ్యాహ్నం కింద నుంచి ఆమె అరుపు వినిపించింది. ఎవరో పరిగెత్తుకెళ్ళి కరెంటు ఆపారు. మంగాయమ్మ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆమెను ఎక్కించుకున్న ఆటో సందు మలుపు తిరక్కముందే సత్తిరాజుగారు స్వయంగా స్టూలెక్కి నన్ను దించారు. గిన్నె కడిగించి, టేపు పీకేసి, నన్ను బిగించి, సెల్‌ఫోనుతో ఫొటోలు తీసుకున్నారు. నాకు నోరుంటే ఆయన మొహాన ఉమ్మేసేదాన్ని. కలిసిన పిండిని మాత్రం పారబోయించారు, ఆ మాత్రం దయ ఉంది.

పదిహేను రోజుల తర్వాత మంగాయమ్మను పిలిపించి కుర్చీ వేశారు. ఆ బేకరీలో ఆమె కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. ఆయన ఒక టైపు కాగితం, ఇంకుప్యాడు బల్ల మీద పెట్టారు.

"లేబరాఫీసులో ఇవ్వాలమ్మా. ఇక్కడ వేలిముద్రెయ్యి."

"ఏం రాయించారండి?"

"ఏముందీ, మేం వద్దంటున్నా జాలీ నువ్వే తీసి పక్కనెట్టావని. నీకు వేరే పని చూపిత్తాంలే."

మంగాయమ్మ కట్టు కట్టిన చేతిని బల్ల మీద పెట్టింది.

"వేలు మీ మిషనే తీసేసుకుందండి."

సత్తిరాజుగారు కాస్త ఇబ్బందిపడ్డారు. అది కూడా ఒక్క క్షణమే. తర్వాత ఇంకుప్యాడును ఆమె ఎడమచేతి వైపు జరిపారు.

"ఎడందెయ్యి, పర్లేదు."

ఆమె లేచి నిలబడింది.

"జాలీ తీయించిందెవరో మార్చి రాయించండి. ఈ వేలు అప్పుడిత్తాను" అంది.

ఆ తర్వాత బల్ల మీది కాగితాన్ని ఎడమచేత్తో తీసుకుని, గుమ్మం దిగి లేబరాఫీసు వైపు నడిచింది.