ఆయమ్మ యాడికి పోయింది

మల్లీశ్వరి అనంతపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఆమెకు చిన్న సినిమాల పిచ్చి. హాళ్లకు రానివి, హీరో లేనివి, పాటల్లేనివి. మంచిది కంటబడితే ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి, కింద నాలుగు ముక్కలు రాస్తుంది. ఎవరో ఒకరు దండం బొమ్మ పెడతారు, అంతే. భర్త సురేంద్ర కూడా వాటిని తెరిచి చూసిన పాపాన పోలేదు.

చూసేది ఒక్క నల్లమ్మే. నల్లమ్మ సురేంద్ర అన్న తిప్పన్న భార్య, మల్లీశ్వరికి తోటికోడలు. వాళ్లది శింగనమల. చేనిలో పనిలేని ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఫోన్ చేసి, "కొట్లాటలు లేనిదొకటి చెప్పు మల్లీ" అని అడిగేది.

ఆసారి మల్లీశ్వరి ఒక అస్సామీ సినిమా చెప్పింది. అందులో ఒక ఇల్లాలు రోజూ చేసే పనులే చేస్తుంటుంది. ఊడుస్తుంది, వండుతుంది, కోళ్లకు గింజలు చల్లుతుంది. చివర్లో ఒక పొద్దున పొయ్యి మీది పాలగిన్నె దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, రోడ్డు మీదికి పోయి బస్సెక్కుతుంది. బస్సు పోయినాక దుమ్ము అణిగేదాకా ఖాళీ రోడ్డు చూపించి సినిమా ఆపేస్తారు.

చూసిన సాయంత్రమే నల్లమ్మ ఫోన్ చేసింది.

"ఆయమ్మ యాడికి పోయింది మల్లీ?"

"అది మనకే వదిలేసినారక్కా. నీకేమనిపిస్తే అది."

"మనకు వదిలేస్తే ఎట్లా" అని నల్లమ్మ ఫోన్ పెట్టేసింది. మల్లీశ్వరికి ఆ మాట ముచ్చటగా అనిపించి కాలేజీలో ఒకరిద్దరికి చెప్పింది కూడా.

ఆ వారంలోనే ఒక పొద్దున తిప్పన్న ఫోన్ చేసినాడు.

"మీ అక్క మీ ఇంటికి వచ్చిందామ్మా?"

"లేదే బావా."

"ఈడ లేదు. ఆవుకు మేతేసింది, సంగటి కెలికి మూతబెట్టింది. బస్సెక్కతాంటే పక్కింటి ఓబులమ్మ చూసిందంట. ఫోన్ ఈడనే ఉండాది. ఆ సినిమా చూసినప్పట్నుంచీ ఆయమ్మ యాడికి పోయిందో అంటాండె. నువ్వేం సినిమా చెప్పినావమ్మా ఆమెకు?"

మల్లీశ్వరి కాలేజీకి సెలవు చెప్పి, సురేంద్ర బండి మీద శింగనమల పోయింది. దారిలో సురేంద్ర, "సినిమా చూసి ఎవరన్నా పోతారా" అన్నాడు. ఇంకాస్త దూరం పోయినాక, "పోతారంటావా?" అని తనే అడిగినాడు. సినిమాలు మనిషిని మారుస్తాయని కాలేజీ పిల్లలకు చెప్పేది మల్లీశ్వరే. ఇప్పుడు మార్చవని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండుననిపించింది.

తిప్పన్న వసారాలో మంచం మీద నల్లమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నల్లమ్మ చుట్టాలందరికీ అప్పటికే ఫోన్ చేసినాడు, ఆమె ఎవరి దగ్గరికీ పోలేదని తేలింది. తమ్ముణ్ణి చూసి లేవలేదు. ఫోన్ మరదలి చేతికిచ్చి, "అది పెట్టు. ఆయమ్మ యాడికి పోయిందో చూస్తాం" అన్నాడు.

"అందులో చెప్పరు బావా."

"నువ్వు పెట్టమ్మా."

ముగ్గురూ మంచం మీద పక్కపక్కన కూర్చుని చూసినారు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే మల్లీశ్వరి తెలుగులో చెబుతూ పోయింది. తిప్పన్న పంచాయితీలో సాక్షిని అడిగినట్టు అడుగుతున్నాడు.

"మొగుడు కొడతాడా?"

"కొట్టడు బావా."

"తాగుతాడా?"

"అదీ లేదు."

"ఇప్పుడేమంటాంది?"

"వాన వచ్చేట్టుంది అంటాంది."

చివరి పొద్దుటి సీను వచ్చింది. తెరమీద మొగుడు పేపరు చదువుకుంటూ ఏదో అన్నాడు. తిప్పన్న ముందుకు వంగినాడు. "ఏమన్నాడు?"

"పాలు పొంగుతాండాయి చూడు, అన్నాడు."

"దానికే పోయిందా?"

మల్లీశ్వరి ఇంతకుముందు ఈ సినిమా గురించి గంటసేపు మాట్లాడగలిగేది. బస్సు వచ్చినప్పుడు తిప్పన్న ఆపమని, దాని బోర్డు చదవమన్నాడు. అది అస్సామీలో ఉంది. ఎవరికీ చదవను రాలేదు.

సినిమా అయిపోయినాక తిప్పన్న ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా అన్నాడు. "నేను గూడా పొద్దున ఏమన్నా అన్న్యానేమో. గ్యాపకం రాలేదప్పా."

ఆ మధ్యాహ్నమే చిలమత్తూరు నుంచి గంగాదేవి నల్లమ్మ నంబరుకే ఫోన్ చేసింది. ఆమె నల్లమ్మతో చిన్నప్పుడు చదువుకున్న మనిషి. తిప్పన్న ఆమెను పెళ్లిలో చూసిందే, మళ్లీ చూడలేదు. "మీ ఆమె మా ఇంట్లో ఉండాది. చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు. అందుకే చేసినా" అంది.

తిప్పన్న చెప్పులేసుకున్నాడు. మళ్లీ విప్పేసినాడు. "నన్ను చూసి ఇంగా దూరం పోతే? నువ్వే పోమ్మా" అన్నాడు మరదలితో.

మరుసటి రోజు మల్లీశ్వరి హిందూపురం బస్సెక్కి, అక్కడ మారి చిలమత్తూరు చేరింది. నల్లమ్మ వరండాలో గంగాదేవి పక్కన కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. ముఖం తేటగా ఉంది. మల్లీశ్వరిని చూసి, "ఎండలో ఎందుకొచ్చినావు" అంది.

గంగాదేవి మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

"ఎందుకక్కా ఇట్లా చేసినావు?"

"తెలీదు మల్లీ. పాలకేంద్రం కాడికి పోయినా. బస్సొచ్చింది, ఎక్కినా."

"ఆ సినిమా చూసేనా?"

నల్లమ్మ గింజ తీసి పక్కన వేసింది. "కండక్టరొచ్చి యాడికమ్మా అన్న్యాడు. సినిమాలో అది చూపించలేదు కదా. ఏం చెప్పాలో తెలీలేదు. నోటికి చిలమత్తూరు అనొచ్చింది, యాడ మారాలో కండక్టరే చెప్పినాడు. గంగాదేవి గ్యాపకమొచ్చి అన్న్యానో, అన్నాక గంగాదేవి గ్యాపకమొచ్చిందో, అదీ తెలీదు."

తరవాత ఆమే అడిగింది. "నాకు ఇంగ్లీషు రాదు కదా. ఆ పొద్దున ఆయమ్మ మొగుడు ఏదో అంటాడే, దానికే పోయిందనుకుంటి. ఏమన్నాడు?"

"పాలు పొంగుతాండాయి చూడు, అన్నాడు."

నల్లమ్మ చేతులు ఆగిపోయినాయి. "అంతేనా?"

"అంతే. నువ్వేమనుకున్నావు?"

నల్లమ్మ చెప్పలేదు. మల్లీశ్వరి మళ్లీ అడగబోయి, ఆమె కళ్లు చూసి ఊరుకుంది. "బావ కూడా సినిమా అంతా చూసినాడక్కా" అని మాత్రం చెప్పింది.

"ఆయప్పనా? కడదాకా?"

"కడదాకా. నిన్న ఏమన్నా అన్న్యానేమో, గ్యాపకం రాలేదు అన్నాడు."

నల్లమ్మ తల వంచుకుని చాలాసేపు చింతపండు పిసుకుతూ కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మల్లీశ్వరికి తెలియలేదు. "ఈ పండు అయిపోనీ, వస్తా" అంది చివరికి.

శుక్రవారం నల్లమ్మ ఒక్కతే బస్సులో శింగనమలకు వచ్చేసింది. సంచి నిండా చింతపండు తెచ్చింది. తిప్పన్న ఎందుకు పోయినావని అడగలేదు. "తిన్యావా?" అన్నాడు. "హిందూపురంలో తిన్యా" అంది. ఎనుము ఈనిన సంగతి, బోరు మోటారు కాలిన సంగతి ఆయన చెబితే, గంగాదేవి కోడలి సంగతి ఆమె చెప్పిందట. ఇదంతా ఓబులమ్మ నోటి నుంచి సురేంద్రకు తెలిసింది.

మల్లీశ్వరి గ్రూపులో లింకులు పెట్టడం మానేసింది. తాను చేసింది తప్పో, మేలో, అసలు తాను చేసిందేమన్నా ఉందో ఆమెకు తేలలేదు. నెల గడిచినాక తిప్పన్నే ఫోన్ చేసినాడు.

"ఏందమ్మా, సినిమాలు చెప్పడం లేదంట. మీ అక్క అడుగుతాండాది. ఇద్దరం చూస్తాం. ఇంగ్లీషు కాడ నీకు ఫోన్ చేస్తాం."

"ఎట్లాంటిది కావాల బావా?"

"ఎవరూ యాడికీ పోనిది."

మల్లీశ్వరి సరేనని, కాగితం ముందేసుకుని, తనకు నచ్చినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. ఒకదాంట్లో కొడుకు పోతాడు. ఒకదాంట్లో ఊరే లేచి పోతుంది. ఇంకోదాంట్లో అందరూ ఇంట్లోనే ఉంటారు కానీ, అది చూస్తే నల్లమ్మ ఏమనుకుంటుందో అని భయం వేసింది. సురేంద్ర వచ్చి ఏం చేస్తాండావని అడిగితే, ఒక్క పేరూ రాయని కాగితం చూపించింది.