అర మీటరు గీతలు

నాలుగు రోజులుగా వాన. ఊరి చివర కొండ మీద రోడ్డు వెడల్పు చెయ్యాలి, మ్యాపు కావాలన్నాడు ఇంజనీరు. ముందురోజు వాన తెరిపిచ్చినప్పుడు విమానం నుంచి కొలిచిన ఎత్తుల లెక్కల్ని, ఆయన ఆఫీసులో మ్యాపులు గీసే ఆమె పొద్దున్నే కంప్యూటరులోకి ఎక్కించింది. ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ సాఫ్ట్‌వేర్ గీతలు గీసింది. రెండు మీటర్లకో గీత చాలన్నాడాయన. కాలువలు తెలుస్తాయని ఆమె అర మీటరుకోటి గీయించింది.

కొండ కింది ఇళ్ల వరస పైన గీతలన్నీ ఒక్కచోట కొడవలిలా వంగాయి.

లెక్క తప్పిందేమో అనుకుని, రెండేళ్ల కిందటి ఎత్తుల్లోంచి కొత్తవి తీసేసి చూసింది. కొడవలి దగ్గర నేల నలభై సెంటీమీటర్లు దిగింది. దాని కింద వాలు ఉబ్బింది. మిగతా కొండంతా తేడా లేదు. కొండ జారుతోంది. ఆ ఉబ్బు కింద మూడో ఇల్లు అక్కది.

"వానకి గడ్డి పడిపోయి ఎత్తు తగ్గినట్టు కనపడుంటుంది," అన్నాడు ఇంజనీరు.

"అలాగైతే కొండ మీది వాటర్ ట్యాంకు పక్కన గడ్డిలోనూ తేడా రావాలి కదండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పైవాళ్లకి రాస్తాను."

"వాళ్లు చదివేదెప్పుడండీ?"

ఆమె మ్యాపు ప్రింటు తీసుకుని, మెట్లు దిగుతూనే అక్కకు ఫోన్ చేసింది.

"వంటింటి తలుపు నిన్నట్నుంచీ పట్టేస్తోందే," అంది అక్క. "తడికి ఉబ్బిందంటాడు మీ బావ."

"కొండవైపు తలుపేనా?"

"ఆ. ఏం?"

"కొండ జారేలా ఉంది. మీ అత్తగారిని తీసుకుని బయటికొచ్చెయ్. వస్తున్నా."

ఆమె వెళ్లేసరికి ఇంకా ఎవరూ కదల్లేదు. మ్యాపు చూపించినా బావ కుట్టుమిషను దగ్గర్నుంచి లేవలేదు. "నీ గీతలు చూసి ఇల్లు వదిలేస్తే, రేపు జాతకం చూసి ఊరు వదలమంటావు, మరదలా," అని నవ్వాడు.

"నవ్వుదువుగానిలే. ఒక్కసారి పైకి రా, బావా."

ఇద్దరూ గడ్డి పట్టుకుని వాలెక్కారు. మ్యాపులో కొడవలి ఉన్నచోట గడ్డి మధ్య సన్నటి చీలిక కనపడింది. బావ అందులో గొడుగు దించాడు. అది పిడిదాకా వెళ్లింది.

దిగాక అతను కుట్టుమిషను వైపు కూడా చూడలేదు. చెరోవైపు తలుపులు కొట్టారు. పదకొండిళ్ల వాళ్లు తిట్టుకుంటూ, గొణుక్కుంటూ దూరంగా ఉన్న బడికి చేరారు. చివరింటి మాస్టారొక్కరే, "ఈ కొండ నాకంటే పెద్దది, ఎక్కడికీ పోదు," అని కూర్చుండిపోయారు. బావ ఆయన్ని వీపున వేసుకుని తెచ్చాడు.

సాయంత్రం నాలుగింటికి చప్పుడొచ్చింది. పెద్ద లారీ కంకర దింపుతున్నట్టు మొదలై, ఎంతకీ ఆగలేదు. బడి కిటికీలోంచి చూస్తే వీధి ఉండాల్సిన చోట ఎర్రమట్టి. అక్క ఆమె భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుంది. మాస్టారు తలొంచుకున్నారు.

అక్క అత్తగారు అడిగింది. "ఇంకా పడుతుందా అమ్మాయ్?"

ఆమె మ్యాపు విప్పి మళ్లీ మడిచింది. అందులో ఉన్నది కూలకముందు కొండ.

"తెలీదత్తా. కొండవైపు గదులు ఖాళీ చేద్దాం, లేవండి."

బెంచీలు అవతలి గదుల్లోకి మోయడం మొదలుపెట్టారు.