పదకొండింటికి కలిసే గీతలు

బీడీలు చుట్టడంలో తనను మించినవాళ్లు ఆర్మూరులోనే లేరని నర్సవ్వ నమ్మకం. ఆ ఆదివారం తొమ్మిదో తరగతి మనవరాలు తార, నానమ్మవీ అమ్మవీ బీడీలు అరగంటకోసారి లెక్కబెట్టి గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీసింది.

“నా గీతనే మీదున్నది, సూడు!” మీసం మెలేయడం ఒక్కటే తక్కువగా కోడలు కమల వైపు చూసింది నర్సవ్వ.

“అమ్మ కూసోకముందే నువ్వు అరవై చుట్టినవు నానమ్మా, గందుకే మీదున్నది. వాలు సూడు. గంటకు నీది ఎనభై ఎక్కుతున్నది, అమ్మది నూరు. అమ్మ గీతనే నిటారుగ లేస్తున్నది.”

తార స్కేలు పెట్టి రెండు గీతలనూ ముందుకు పొడిగించింది. సరిగ్గా పదకొండు దగ్గర అవి కలిశాయి. ఆ తర్వాత అమ్మదే పైన.

నర్సవ్వ కాగితం చూసింది. గోడ గడియారం చూసింది. పదిన్నర.

పెళ్లయిన పదహారేళ్లలో కమల ఎన్నడూ వినని మాట అప్పుడు వినబడింది.

“జర చెయ్యి ఆపు బిడ్డా, మస్తు అలసిపోయినవ్. లే, ఇద్దరం తిందాం. నేనే అన్నం పెడత.”

కమల నవ్వాపుకుంటూ ఒళ్లోని చాట దించింది. తార రబ్బరుతో పొడిగింపులు చెరిపి, పదిన్నర నుంచి రెండు గీతలనూ అడ్డంగా పడుకోబెట్టింది. పది బీడీల ఎత్తున ఇంకా నానమ్మే ఉంది.