పెన్న ఎండిన ఏడు

ఏసోబు బట్టీ నోట్లోకి ఇంకో పార బొగ్గు విసిరి, మొహం తిప్పుకోకుండా అలాగే నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లుగా జమ్మలమడుగు పక్కన సున్నం బట్టీ కాచిన మనిషి. కనుబొమలు ఎప్పుడో మాడిపోయాయి, మొలవడం కూడా మానేశాయి. బట్టీకి ఆదివారం లేదు. తొమ్మిదింటికి తోటి పనివాడు నబీ రసూల్ వచ్చి పార అందుకున్నాక, బోరు కింద కాళ్లూ చేతులూ కడిగి, తెల్లచొక్కా తొడుక్కుని, రాగిచెంబు నిండా నీళ్లు పట్టుకుని చర్చికి బయల్దేరాడు.

ఆ చెంబు సంగతి ఊరందరికీ తెలుసు. పదహారేళ్ల కింద అతని భార్య సుగుణమ్మ బాప్తిస్మం తీసుకుంటానని తెల్లచీర కొని పెట్టెలో దాచుకుంది. అప్పటి పాస్టరుగారికి తొట్టి పనికిరాదు, పారే పెన్నలోనే ముంచాలి! ఆ ఏడు పెన్నలో ఇసుక తప్ప చుక్క లేదు. నీళ్లు రానీ, తొందరేముంది అన్నాడు మహానుభావుడు. ఎండాకాలపు జ్వరం ఆయన కోసం ఆగుతుందా? సుగుణమ్మ పోయింది. ఆ పెద్దమనిషే ఆమె సమాధి పక్కన నిలబడి, బాప్తిస్మం లేనివాళ్లు నాలుక తడుపుకోవడానికి కూడా చుక్క నీరు దొరకని అగ్నిలో పడతారని గంటసేపు గొంతు చించుకున్నాడు. మధ్యలో రెండుసార్లు సోడా తాగాడు కూడా.

"బట్టీ కాడ ఒక్క గడియ నిలబడమనప్పా, నిప్పంటే ఏందో తెలుస్తాది," అని ఏసోబు ఆ రోజే నబీ రసూల్ ముందు కాండ్రించి ఉమ్మాడు. నమ్మలేదనే చెప్పాడు. అయినా మర్నాటి నుంచి రోజూ చెంబెడు నీళ్లు సమాధి తలవైపు పెట్టి, సాయంత్రం చెంబు తీసుకుపోయేవాడు. నిప్పు ఎంత కాలుస్తుందో అతనికి తెలుసు. అదే అతని ఖర్మ.

ఈ ఆదివారం కొత్త పాస్టరు వివేక్ ప్రసంగం. పెద్ద చదువు చదివొచ్చాడు, ఇస్త్రీ మడత నలగదు. నరకంలో నిప్పు ఉండదట. చావని పురుగూ, గంధకం, కొమ్ముల సాతానూ అన్నీ సూచనలట, పోలికకు చెప్పిన మాటలట. దేవుడికి దూరం కావడమే నరకమట. ఫ్యాను కింద నిలబడి చల్లగా చెప్పాడు. ఏసోబుకు ఒళ్లు మండిపోయింది. ఒకడు నిప్పు రాజేసి పోయాడు, ఇంకొకడొచ్చి అది నిప్పే కాదంటున్నాడు. ఇద్దరిలో ఒక్కడికైనా చెయ్యి కాలిందా?

ప్రసంగం అయ్యాక, చర్చి వెనక సమాధుల దొడ్డి గేటు దగ్గర పాస్టరు చిరునవ్వుతో ఆపాడు. "పెద్దాయనా, ఇంక ఆ నీళ్లు మోయనక్కర్లేదు. అది ఒట్టి సూచన."

"సూచనకు దప్పికయితాదా అయ్యా?"

పాస్టరు నవ్వుతూనే చొక్కా మడత సరిచేసుకున్నాడు.

"పదహారేండ్లు మోసినా. అబద్ధమని అప్పుడు చెప్పే మొగోడు లేకపాయ. ఇప్పుడొచ్చి నవ్వుతాండావు. పక్కకు జరుగు, ఆయమ్మ చూస్తాంటాది."

ఎండకు నెత్తి మాడుతోంది. సమాధి తలవైపు చెంబు పెట్టి, తువ్వాలు నెత్తిన కప్పుకుని, రాతికి ఆనుకుని కూర్చున్నాడు. "బోరు నీళ్లు శానా చల్లగుండాయి, తాగు," అని కళ్లు మూసుకున్నాడు.

సాయంత్రం పనికి రాకపోయేసరికి నబీ రసూల్ వెతుక్కుంటూ వచ్చాడు. నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు. ఏసోబు మెల్లగా పక్కకు ఒరిగాడు.

సోమవారం అతణ్ణి ఆమె పక్కనే పూడ్చారు. వివేక్ పాస్టరు ప్రార్థన పావుగంటలో ముగించాడు. నిప్పు మాటా ఎత్తలేదు, సూచన మాటా ఎత్తలేదు. అందరూ పోయాక చెంబు తీద్దామని వంగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిన్న నిండుగా పెట్టిన రాగిచెంబులో నీళ్లు నాలుగు వేళ్ల మేర తగ్గి ఉన్నాయి.