పిల్లల గది

మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, పక్కన పెట్టుకున్న లాప్‌టాప్‌లో దరఖాస్తు సరిచూసుకుంటున్నాను. పిల్లలకి మాటలెలా వస్తాయో పరిశోధించేవాళ్ళు ఏటా కలిసే సదస్సు మాది. దానికి నిధులు అడుగుతూ దరఖాస్తు రాసేది నేను, పేరు మాత్రం మా విభాగాధిపతిది. సాయంత్రం అయిదింటికి గడువు.

"కాలర్ జాగ్రత్త, మహాతల్లీ! నీ ధ్యాసంతా అందులోనే," అన్నాడు మా ఆయన పేపరు దించకుండానే.

పొద్దున ఒక పరిశోధక విద్యార్థిని మెయిల్‌లో అడిగింది. "మేడమ్, మా పాపకి ఏడో నెల. ఇంకా పాలు మానలేదు. సదస్సు దగ్గర పిల్లల్ని ఉంచుకోడానికి గదేమైనా ఇస్తారా?"

బడ్జెట్‌లో లేదమ్మా అని జవాబిచ్చాను. "పర్లేదు మేడమ్, అయితే సదస్సుకి పంపిన నా పేపరు వెనక్కి తీసుకుంటాను," అని రాసింది. తిట్టినా బాగుండేది. బడ్జెట్‌లో లేదట! తీసేసిందెవరు? నేనే. ఆరేళ్ళ కింద మొదటిసారి దరఖాస్తు రాసినప్పుడు పిల్లల గదికి ఖర్చు చూపిస్తే విభాగాధిపతి సార్ నవ్వారు. "సదస్సు పెడుతున్నామా, పిల్లల బడి పెడుతున్నామా? కొట్టెయ్యమ్మా." కొట్టేశాను. మరుసటేడు నుంచి ఆయన చెప్పకముందే కొట్టేసి, "నీకు పరిస్థితి అర్థమవుతుంది" అనిపించుకుని మురిసిపోయాను కూడా.

ఆ మొదటి ఏడు నా కూతురికి ఇరవై రెండు నెలలు. ఇంట్లో వదిలి సదస్సుకి వెళ్ళాను. రెండో రోజు అత్తగారు ఫోన్ చేశారు. "లోకంలో పిల్లల మాటలన్నీ రాసుకుంటావుగా, నీ కూతురు మాట కూడా రాసుకో. పొద్దుటినుంచీ తలుపు దగ్గర నించుని 'అమ్మ లేదు, అమ్మ లేదు' అంటోంది."

అప్పటిదాకా దానికి విడి మాటలే వచ్చు. రెండు మాటలు కలిపి అనడం అదే మొదలు. పిల్లలు రెండు మాటలు ఎప్పుడు కలుపుతారన్నదే ఆ రోజు నా ప్రసంగం. ఏడ్చానా? రాసుకున్నాను. మరుసటేడు తెరమీద చూపించాను కూడా. ఎవరి పాపో చెప్పలేదు. చప్పట్లు కొట్టారు. ఛీ, ఏం మనిషిని!

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కూర్చున్నాను. పిల్లల గది ఖర్చు మళ్ళీ చేర్చాను. "పేపరు ఉంచు, పాపని తీసుకురా. నిధులు రాకపోతే నేనే ఎత్తుకుంటాను," అని ఆ అమ్మాయికి రాశాను. ఇంతలో సార్ ఫోన్.

"పంపేముందు నాకోసారి చూపించమ్మా."

"పంపేశాను సార్," అన్నాను. నిజానికి ఇంకా పంపలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మా ఆయన పేపరు దించాడు. "చొక్కా?"

"ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది."

ఇంకొక్క గడి మిగిలింది. 'ఈ ఖర్చు ఎందుకు అవసరం?' అందులో ఇలా రాసి పంపేశాను.

"'అమ్మ లేదు.' ఇరవై రెండు నెలల పాప మొదటి వాక్యం. ఆ రోజు వాళ్ళమ్మ ఈ సదస్సులో ఉంది. ఈ దరఖాస్తు రాసింది ఆ అమ్మే."