ఎవరిదని అడగని విగ్గు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే విగ్గులావిడ చేసే మొదటి పని, గోడకి వేలాడే జుట్టు కుచ్చుల్ని ఒక్కొక్కటిగా తడిమి చూడటం. ఏదైనా తడిగా తగిలితే దాని తాలూకు మనిషి ఎక్కడో తలంటుకుంటోందన్నమాట. నిక్కబొడుచుకుని ఉంటే ఎవరితోనో పోట్లాడుతోందన్నమాట. కోసినంత మాత్రాన జుట్టు మనిషిని వదిలేస్తుందా ఏమిటి? తడిసినవాటిని ఎండలో ఆరేసి, కోపంగా ఉన్నవాటి జోలికి పోకుండా, నిమ్మళంగా ఉన్నవి ముందేసుకుని పనికి కూర్చునేది.

కళ్ళు పోయే పని అది. పల్చటి వల మీద కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకనే లాగి ముడెయ్యాలి. కుదురు లోపలికి, కొస బయటికి ఉండాలి. తిరగేసి కట్టారో, సాయంత్రానికల్లా ఉండ చుట్టుకుపోతుంది.

కొట్టుకొచ్చేవాళ్ళు అప్పటికే అన్నీ చేసి చూసి, ఇంక లాభం లేదని తేల్చుకున్నవాళ్ళే. వచ్చి కూర్చోగానే ముందు అడిగేది ఒకటే, ఎవరి జుట్టని. సంబంధం చూసుకున్నంత ఆరా తీస్తారు. ఆవిడకి నిద్ర బాగా పడుతుందా, కోపం ఎక్కువా, పొద్దునే తలంటుకుంటుందా, మధ్యాహ్నమా? మరి రేపు ఆఫీసులో కూర్చుని ఉండగా నెత్తి మీంచి నీళ్ళు కారితే ఎవరికి నామర్దా? అడిగితే అబద్ధం చెప్పకూడదనేది ఆ పనిలో కట్టుబాటు. అడక్కపోతే చెప్పాల్సిన పని లేదు.

ఇంతమందికి జుట్టు కట్టిన మనిషి తను మాత్రం తలకి గుడ్డ చుట్టుకుని తిరిగేది. పెళ్ళినాటికి ఆవిడ జడ నడుం దాటి ఉండేది. ఆ తర్వాత ఒక పాడు జ్వరం వచ్చి గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడటం మొదలైతే, ఉన్నదన్నా దక్కుతుందని తల్లే ఆ జడ కోసి పెట్టెలో దాచింది. మొగుడు పెద్ద సోగ్గాడు. నొక్కుల జుట్టు దువ్వుకోవడానికే గంట పట్టేది, అందరూ 'క్రాఫు' అనే పిలిచేవారు. బోడి పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని తిరగలేనన్నాడు. పోతే పోయాడు, ఊరికే పోయాడా? పెళ్ళినాటికే ఆవిడకి జుట్టు లేదనీ, సవరం పెట్టి తల్లీకూతుళ్ళు తనని మోసం చేశారనీ వీధి వీధీ తిరిగి చెప్పాడు. తండ్రి పెట్టె నెత్తిన పెట్టుకుని ఆ జడ చూపించడానికి ఇంటింటికీ వెళితే, ఊడిన జుట్టంతా పోగేసి ముందే కట్టించి ఉంచారన్నాడు. జనం వాడి మాటే నమ్మారు. మోసగాడి ఇల్లన్న మాట మోయలేక తండ్రి మంచం పట్టి, ఆ మంచంలోనే పోయాడు.

ఆవిడ అప్పుడు ఏడవలేదు. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టుంటుందని పంటి బిగువున ఆపుకుంది. ఆపుకుని ఆపుకుని అదే అలవాటైపోయింది. తండ్రి మీద పడ్డ ఆ మచ్చ వాడి నోటితోనే తుడిపించాలి, అంతే, ఇంకేమీ అక్కర్లేదు. వాడు జుట్టుతో తిరిగినన్నాళ్ళూ ఆవిడకి దారి దొరకలేదు.

జుట్టు ఎవరికి శాశ్వతం? క్రాఫుకీ పల్చబడింది. ఉల్లిపాయ రసం రుద్దాడు, గుడ్డు సొన పట్టించాడు, మాత్రలు మింగాడు, నడినెత్తిన నల్ల పొడి చల్లుకున్నాడు. చెమట పడితే ఆ పొడి చారలు చారలుగా మెడ మీదికి దిగేది. ఎడమ చెవి మీది నాలుగు పోగులు కుడి చెవి దాకా సాగదీసి అంటించుకుంటే, గాలొచ్చినప్పుడల్లా మూత తెరుచుకున్నట్టు లేచేవి. చివరికి, మొగుడు పోయి ఒంటరిగా ప్రింటింగ్ ప్రెస్సు నడుపుకుంటున్న ఒకావిడతో సంబంధం కుదిరేలా ఉందని తెలిసి, టోపీ పెట్టుకుని విగ్గుల కొట్టుకి వెనక గుమ్మంలోంచి వచ్చాడు.

"పాతవన్నీ మనసులో పెట్టుకోకు. నీ చేతి పని బావుంటుందన్నారు, అందుకే వచ్చాను. ఊడకుండా గట్టి గమ్ముతో అంటించు. మూడో కంటికి తెలియకూడదు," అన్నాడు.

ఆవిడ టేపు తీసి తల కొలిచింది. ఎవరి జుట్టని అడుగుతాడేమోనని చూసింది. వాడు అద్దంలో తన మొహం చూసుకుంటున్నాడు. ఎదుటి మనిషి గురించి అడగడం వాడికి పుట్టుకతో రాలేదు.

ఆవిడ పెట్టె తెరిచి తన జడ విప్పి, దాంతోనే విగ్గు కట్టింది. వాడికి పెళ్ళిచూపుల రోజు పొద్దున తనే దగ్గరుండి అంటించింది. నొక్కులు కూడా పెట్టింది. వాడు మురిసిపోయి, దారిలో ప్రతి కిటికీ అద్దంలోనూ చూసుకుంటూ వెళ్ళాడు.

పథకం చిన్నదే. సాయంత్రం వాడు ప్రెస్సావిడ ఇంట్లో, ఆవిడ అన్నావదినెల ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాక, ఇక్కడ తను డ్రమ్ముడు నీళ్ళూ చెంబుతో నెత్తిన పోసుకోవాలి. విగ్గు వదిలించుకోవడానికి వాడు ఇక్కడికే పరిగెత్తుకు రావాలి. పొద్దున్నే డ్రమ్ము నింపుకుంది. తీరా సాయంత్రం కొట్టు వెనక ఇంట్లో స్నానాలగదిలోకి వెళ్ళి చూస్తే డ్రమ్ము బోర్లించి ఉంది, కుళాయిలో చుక్క లేదు.

"నేనే పారబోశాను," అంది తల్లి గుమ్మంలో నిలబడి. "వాడి పాపాన వాడే పోతాడు. మనకెందుకే ఈ కక్షలు? నిన్ను ఇలా చూడలేకపోతున్నాను."

విగ్గులావిడ ఖాళీ డ్రమ్ము పక్కన కూలబడింది. ఇన్నేళ్ళకి చేతికి చిక్కినవాడు అక్కడ దర్జాగా నవ్వుతూ కూర్చుని ఉంటాడు. తండ్రి పెట్టె మోసుకుంటూ తిరిగి, మూసిన తలుపుల ముందు నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే ఏడుపు తన్నుకొచ్చింది. అన్నేళ్ళుగా బిగబట్టిందంతా ఒక్కసారి తెగింది. తల్లి భుజం పట్టుకుని ఎంత ఊపినా ఆగలేదు.

కాసేపటికి వీధిలో గోల వినిపిస్తే, ఏడుస్తూనే కొట్టు గుమ్మంలోకి వచ్చింది. క్రాఫు బజారు నడిమధ్యన నడిచి వస్తున్నాడు. నెత్తి మీంచి నీళ్ళు ధారగా కారి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, కళ్ళు తెరవలేక తడుముకుంటూ వస్తున్నాడు. విగ్గు పీకేద్దామని లాగుతుంటే నెత్తి చర్మం లేచి వస్తోంది గానీ అది కదలడం లేదు. గట్టి గమ్ము కావాలన్నది వాడే కదా. వెనకే ప్రెస్సావిడ, ఆవిడ వెనక సగం వీధి.

"ఈయన మొదటి భార్య మోసగత్తె అనీ, పట్టుబడ్డా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదనీ చెబుతున్నాడండీ. ఆ మాట నోట్లో ఉండగానే ఇది మొదలైంది," అంది ప్రెస్సావిడ. "స్నానం నీళ్ళేమో అనుకున్నాం. తుడవబోతే నోట్లో చింది ఉప్పగా తగిలాయి. ఎవరి జుట్టండీ ఇది?"

అడిగారు కాబట్టి చెప్పాలి. "నాదండీ," అంది విగ్గులావిడ కళ్ళు తుడుచుకోకుండానే.

"ఆపు," అన్నాడు క్రాఫు. "నీకు దణ్ణం పెడతాను, ఆపు. కళ్ళు మండిపోతున్నాయి."

"నా చేతిలో ఉంటే ఆపనా? మీరు అన్న మాటకి వస్తున్న ఏడుపు ఇది. ఆ మాట మీరే వెనక్కి తీసుకోవాలి. గమ్ము కరిగించే మందు ఇక్కడే ఉంది. ముందు చెప్పండి, మా నాన్న మోసగాడా?"

వాడు చుట్టూ చూశాడు. ఒకప్పుడు వాడు ఏ గుమ్మాల ముందు నిలబడి ఆ అబద్ధం చెప్పాడో ఆ గుమ్మాలన్నింట్లోనూ ఇప్పుడు మనుషులున్నారు. నీళ్ళు ముక్కులోకి, నోట్లోకి పోతున్నాయి.

"పెళ్ళినాటికి ఈవిడకి జుట్టుంది," అన్నాడు గొణుగుతూ. "జ్వరంలో పోయింది. వదిలించుకుందామని నేనే అబద్ధం చెప్పాను. వాళ్ళ నాన్న ఎవర్నీ మోసం చెయ్యలేదు."

ప్రెస్సావిడ అన్నగారిని తీసుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. విగ్గులావిడకి వెక్కిళ్ళు తగ్గాయి, వాడి నెత్తి మీది ధార సన్నబడింది. మందు సీసా అందుకుందామని ఆవిడ చెయ్యి చాపితే అది అక్కడ లేదు.

సీసా తల్లి చేతిలో ఉంది. వీధి చివర ఎవరు గుసగుసలాడినా ఇంట్లోంచే పట్టేసే మనిషి, దాన్ని కొంగులో చుట్టి పట్టుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మెట్టు దిగి వచ్చింది.

"నాకు సరిగ్గా వినపడలేదు అల్లుడుగారూ," అంది. "మళ్ళీ ఒకసారి, మొదట్నించీ చెప్పండి."