పెద సైదులు సంఘం

డ్రైయర్ తలుపు తీయగానే వేడి మొహానికి కొట్టింది. నూర్‌బాషా దస్తగిరి దుప్పట్లను రెండు చేతులా వాటేసుకుని బల్ల మీద కుమ్మరించాడు. న్యూజీలాండ్‌లో టౌరంగా ఊళ్ళోని ఆ కేర్ హోంలో ఎనభై ఇద్దరు వృద్ధులున్నారు. వాళ్ళ దుప్పట్లు, చొక్కాలు పదకొండేళ్ళుగా ఆయన చేతుల మీదుగానే వెళుతున్నాయి. అంతకుముందు పదిహేనేళ్ళు కివీ పళ్ళ తోటల్లో పనిచేశాడు. అరవై నాలుగేళ్ళ పొట్టి మనిషి, కుడి భుజం కాస్త వాలి ఉంటుంది. ఎవరైనా దిండు చిరిగిందని పారేయబోతే లాక్కుని, లోపలి పీచును వేళ్ళతో విడదీసి మళ్ళీ కుట్టి ఇస్తాడు. అది దూది కాదు, ప్లాస్టిక్ సరుకు. అయినా దూదేకుల పుట్టుక పుట్టిన చేతులు ఊరుకుంటాయా?

ఆ రోజు శుక్రవారం. ఆయన సంచిలో అట్ట ఊడిన నోటుపుస్తకం ఉంది. ఆదివారం నమాజు హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. తెల్లవాళ్ళ ఏలుబడి నాటి ఇండియాలో ముసల్మానులు నడిపిన ఉద్యమాలు, పెట్టిన బళ్ళు, తెచ్చిన సంస్కరణలు, అన్నీ కలిపి ఇరవై బోర్డులు. వాటికి కాగితాలు, ఫోటోలు ఇచ్చేవాళ్ళు ఇవాళ్టిలోగా ఇవ్వాలి. అందులో ఒక్క బోర్డు తన తాతకు దక్కాలని దస్తగిరి ఆశ. ఆయన జన్మలో ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు.

తాత పెద సైదులు దూది ఏకే విల్లు భుజాన వేసుకుని బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. పగలంతా దూది ఏకి, సాయంత్రం ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని, ఆడపిల్లల్ని బడికి పంపమనీ, అక్షరం ముక్క లేకపోతే మన బతుకులు ఇంతేననీ చెప్పేవాడు. పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో పదకొండు మందిని పోగేసి దూదేకుల విద్యాభివృద్ధి సంఘం పెట్టాడు. వాళ్ళకు వచ్చిన భాష తెలుగే కాబట్టి తీర్మానాలు ఈ నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకున్నారు. అప్పట్లో అందరూ రాసినట్టే పైన 'శ్రీ' పెట్టి, కింద 'అల్లా దయవల్ల' అని మొదలుపెట్టారు. సభ్యుల పేర్లు పుల్లయ్య సాహెబు, వెంకట సైదులు, హుస్సేనప్ప, ఇలా ఉంటాయి. ముస్లిం పిల్లలకిచ్చే ఫీజు రాయితీ తమ పిల్లలకూ ఇప్పించమని కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారు. తమరు హిందువులా, మహమ్మదీయులా, ముందు ఆ సంగతి తేల్చి రాయవలెనని జవాబొచ్చింది. ఆ ఉత్తరం అంటించిన పేజీ తరవాత అన్నీ తెల్లకాగితాలే.

తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా అని చిన్నప్పుడు దస్తగిరిని బళ్ళో ఏడిపించేవాళ్ళు. ఈ ఊరొచ్చాక ఆయన నవ్వుకున్నాడు. ఇక్కడ ముల్లాలకేం కొదవ లేదు, దూదేకులవాడే ఒక్కడు.

రెండు వారాల కిందట ఆక్లాండ్ తెలుగు సంఘం పెద్ద పట్టాభిరామయ్యకు ఫోన్ చేసి పుస్తకం సంగతి చెప్పాడు. ఆయన మర్యాదగానే విని, ఇది ముస్లింల విషయం కదండీ, మసీదు వాళ్ళకిస్తేనే న్యాయం అన్నాడు. అదీ నిజమేననుకున్నాడు దస్తగిరి.

జుమ్మా నమాజయ్యాక ఎగ్జిబిషన్ చూసుకుంటున్న హైదరాబాదు మనిషి మొయిజ్ దగ్గరికి వెళ్ళి పుస్తకం చేతిలో పెట్టాడు. మొయిజ్‌కు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. 'శ్రీ' దగ్గర అతని వేలు ఆగింది. పుల్లయ్య దగ్గర మళ్ళీ ఆగింది.

"చాచా, ఏమనుకోవద్దు. ఇది మనోళ్ళది కాదనిపిస్తుంది. తెలుగు అసోసియేషన్‌కిస్తే వాళ్ళు మంచిగ పెడతారు."

"వాళ్ళు మీ దగ్గరికే పొమ్మన్నారు బాబూ."

మొయిజ్ నిజంగానే నొచ్చుకున్నాడు. చెడ్డవాడేం కాదు. వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ఆ పదకొండు మంది ఎవరో, ఆ పేర్లు అలా ఎందుకున్నాయో చెబితే అయిపోయేది. కానీ ఉర్దూ తెలిసినవాళ్ళ ముందు, ఖురాను తెలిసినవాళ్ళ ముందు నోరెత్తకూడదని దూదేకుల ఇళ్ళలో ఉగ్గుపాలతో నేర్పుతారు. దస్తగిరి సరే బాబూ అని పుస్తకం సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని మళ్ళీ హోంకు బస్సెక్కాడు. దారంతా సిగ్గుతో చచ్చిపోయాడు.

లాండ్రీలోకి టీ పట్టుకొచ్చిన రాహేలమ్మ ఆయన మొహం చూసి ఆగింది. ఆమెది చీరాల, ఈ హోంలోనే కేర్‌గివర్. ఏమైందని రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"మా తాత ఊరూరా నోరు విప్పాడమ్మా. నాకు రెండు ముక్కలు పెగల్లేదు."

"ఆ పుస్తకం ఇటివ్వు అన్నయ్యా, నేను చదువుతా," అంది రాహేలమ్మ. అంతలో తొమ్మిదో గదిలో బెల్ మోగింది. వచ్చాక తీసుకుంటానని పరుగెత్తింది.

అక్కడ ఒక ముసలమ్మకు పక్క మార్చి, మందులిచ్చి వచ్చేసరికి మూడు కావచ్చింది. దస్తగిరి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒళ్ళో సగం మడిచిన దిండు గలీబు, దాని మీద రెండు చేతులు. డ్రైయర్ తిరుగుతూనే ఉంది. అలాంటి మొహాలు రాహేలమ్మ చాలా చూసింది. అయినా చెయ్యి పట్టుకుని చూసింది, పేరు పెట్టి పిలిచింది. అప్పుడు ఏడ్చింది.

ఆదివారం ఇరవై బోర్డులూ పెట్టారు. మొదలుపెట్టే ముందు మొయిజ్ అందరిచేతా దస్తగిరి కోసం దువా చేయించాడు. సోమవారం మట్టి చేశారు. అన్నీ పద్ధతిగా జరిగాయి. ఈయన ఎవరివాడని అక్కడెవరూ అడగలేదు. ఆక్లాండ్‌లోని బోటనీ డౌన్స్ నుంచి వచ్చిన కూతురు హసీనాను రాహేలమ్మ పుస్తకం అడిగింది.

"నాన్నది ఆంటీ, నా దగ్గరే ఉంచుకుంటా. చదవడం రాకపోయినా," అంది హసీనా. ఆ అమ్మాయి ఆరేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. ఆమె పిల్లలకైతే తెలుగు మాట్లాడటమే రాదు.

మంగళవారం కొత్త మనిషికి చోటు చూపిద్దామని రాహేలమ్మ లాండ్రీ అలమర జరిపితే దాని వెనక ఒక తెల్ల అట్ట దొరికింది. పైన మార్కరుతో దస్తగిరి చేతిరాతలో పెద సైదులు పేరు, కింద పదకొండు పేర్లు, పక్కన ఆ తాత ఎన్నడూ తీయించుకోని ఫోటో కోసం స్కేలుతో గీసిన ఖాళీ గడి, దాని నాలుగు మూలలా అంటించి సిద్ధంగా ఉంచిన టేపు ముక్కలు.